గోరు పద్దు

గ్రిమ్స్‌బీ కౌన్సిల్ ఆఫీసు, మూడో అంతస్తు.
కిటికీ అవతల రేవు, పడవలు తగ్గిపోయిన రేవు.
నా ముందు పద్దెనిమిదో వరుస:
ఇళ్లకు వెళ్లే నర్సులు, నలుగురు.
కోత పెట్టాలి. ఎంత, అన్నదే నా పని.

ఎడమవైపు తేలికే.
జీతాలు, పెట్రోలు,
బ్రెండా హాల్డెన్ కారుకి టైర్లు రెండు,
పసిపిల్లల్ని తూచే కాటా ఒకటి.
అన్నిటికీ రసీదులున్నాయి.

కుడివైపే చెయ్యి ఆగుతుంది.
గార్త్ వీధిలో, పై వాటాలో,
పంతొమ్మిదేళ్ల టెగన్
మూడు రాత్రులు నిద్ర లేక
గుక్కపట్టిన బిడ్డను ఉయ్యాల్లో పడుకోబెట్టి
తలుపు చేరవేసి మెట్ల మీద కూర్చుందట,
బ్రెండా చెప్పినట్టు
వంద దాకా లెక్కపెడుతూ.
అంతే. ఏమీ జరగలేదు.
ఆ ‘ఏమీ’కి రసీదెవరిస్తారు?

గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకంటారు మనవాళ్లు.
గోరు నా పద్దు.
గొడ్డలి ఆసుపత్రి పద్దు, కోర్టు పద్దు,
ఇరవై ఏళ్లకి జైలు పద్దు.
మిగిలింది నా గల్లాలో పడదు.

నిజమూ చెప్పాలి.
వంద తలుపులు తడితే
ఎనభై ఇళ్లు ఎలాగూ బాగానే ఉండేవేమో,
బ్రెండాకి టీ ఇచ్చి పంపేవేమో.
ఏ తలుపో ముందే తెలిస్తే
నాకీ ఉద్యోగమెందుకు?

ఐదున్నర. క్లీనర్ వచ్చి చెత్తబుట్ట ఖాళీ చేసింది.
నలుగుర్ని ముగ్గురు చేశాను.
మళ్లీ నాలుగు కొట్టాను.
కుడివైపు గడిలో
‘వంద దాకా’ అని రాశాను.

రేపు అడుగుతారు,
ఇదేం అంకె అని.