అరవై చెప్పుల దూరం

గుంటూరులో మార్చి అంటే
గాలికి కూడా కారం పట్టించి వదిలే నెల.
యార్డు వైపు నుంచి లారీ కదిలితే చాలు
మా లూర్దుకి దగ్గు.
రెండేళ్లది. దగ్గి దగ్గి, చివర్న నవ్వుతుంది,
అదీ ఒక ఆటే అనుకుని.
"ఒక్క రాత్రి ఊరు దాటిద్దాం," అన్నాడు శౌరి.
డేరాలు అద్దెకిచ్చే కుర్రాడి నంబరు
అప్పటికే ఫోన్లో ఎక్కించుకున్నాడు.

పిల్లల్ని మా పెద్దక్క దగ్గర వదిలి
ముందు మేమిద్దరమే వెళ్లాం,
ఆదివారం రెండో పూజ అయ్యాక,
ఫిరంగిపురం మీదుగా కొండవీడుకి.

శౌరికి కొండ అంచు నచ్చింది.
పలకరాయి ఎక్కి, నడుం మీద చేతులేసుకుని,
"ఇక్కడ వేస్తే తెల్లారేసరికి మబ్బు మన కాళ్ల కింద!"
నేను మోకాళ్ల మీద కూర్చున్నాను.
నాలుగేళ్ల జోజి ఎత్తుకి దిగి చూస్తే
మబ్బు లేదు, లోయ లేదు.
రేగుకంప ఉంది, సరిగ్గా కంటికి ఎదురుగా.
ఇనప కమ్మీల మధ్య సందు ఉంది,
తల దూరేంత.
తిరిగి రానంత.

చెరువు ఒడ్డు ఇంకా అందంగా ఉంది.
అందుకే భయమేసింది.
నీళ్లు పిల్లల్ని పేరు పెట్టి పిలుస్తాయి,
పెద్దవాళ్లకి వినపడనంత మెల్లగా.

వేపచెట్టు నీడ చల్లగా ఉందనుకుని
సంచి దించబోతూ పైకి చూశాం.
చేటంత తేనెపట్టు.
మేం పైకి చూస్తుండగానే
కోతి ఒకటి మా సంచి జిప్పు తీసింది,
నాకంటే ఒడుపుగా.

చివరికి దొరికింది,
ఎవరూ ఫోటో దిగని చోటు.
కాపలా గది వెనక చదును నేల,
ఒక కొళాయి, ఒక గుడ్డి బల్బు,
రేకు తలుపు మరుగుదొడ్డి.
"ఇక్కడ చూడ్డానికి ఏముందమ్మా?"
వాచ్‌మన్ మస్తాన్‌వలి చిన్నబోయాడు, కొండ తనదైనట్టు.
"తేలొస్తే చూడ్డానికి వెలుతురుంది కదా," అన్నాను.
ఆయన కాసేపు ఆలోచించి చెప్పాడు:
"రాత్రిపూట గడియ బిగుసుకుంటది. కొంచెం ఎత్తి లాగాలి."
నేనంత దూరం వెళ్లింది
ఆ ఒక్క మాట కోసమే.

సంచిలోంచి జోజి చెప్పు తీశాను,
పొట్టిదైపోయిన పాతది.
మడమకి మునివేలు ఆనిస్తూ నడిపించాను,
డేరా గుమ్మం వచ్చే చోటు నుంచి రేకు తలుపు దాకా.
అరవై.
"అమ్మా, వచ్చేస్తంది" అని వాడన్నాక
మాకుండే గడువు డెబ్భై.
పది చెప్పులు మిగులు!

శౌరి నవ్వాడు,
కొండకి కొలబద్ద తెచ్చిన మనిషిని ఇప్పుడే చూడటం అని.
తర్వాత తనే వంగి
గులకరాళ్లు ఏరిపోయడం మొదలెట్టాడు.

శనివారం అందరం వెళ్లాం.
లూర్దు కంకర గ్లాసులో పోసుకుని
మస్తాన్‌వలి కోడిపెట్టకి అన్నం తినిపించింది.
కోడి మర్యాదగా వాసన చూసి తప్పుకుంది.
జోజి డేరా గోడలన్నీ తడిమి వచ్చి
"ఈ ఇంటికి స్విచ్చి ఏదీ?" అన్నాడు.
కొండ వైపు, లోయ వైపు
ఇద్దరూ ఒక్కసారి తల తిప్పలేదు.

రాత్రి, దగ్గు కోసం మేలుకున్నాను.
దుప్పటిలో ఇంకా ఇంటి కారం ఉంది.
పదిన్నర. రాలేదు.
కీచురాళ్లు. దూరంగా ఎక్కడో కుక్క.
పన్నెండు. ఎవరో దగ్గారు,
ఉలిక్కిపడి లేచాను, శౌరి.
దాని ముక్కు కింద వేలు పెట్టి చూశాను,
ఊపిరి సాఫీగా, వెచ్చగా,
కొత్త దారానికి సూది దొరికినట్టు
ఆగకుండా వెళ్తూ ఉంది.

అప్పుడు తెలిసింది నా వీపు కింద రాయి.
అంత నేలా ఏరినా
నిమ్మకాయంత ఒకటి మిగిలిపోయింది, నాకే.
తీద్దామంటే లూర్దు తల నా చేతి మీద.
కదల్లేదు.
తెల్లారేదాకా ఆ రాయీ నేనూ
ఒకరికొకరం సర్దుకున్నాం.