ఓడుమా?

లింగిచెట్టి వీధి, రెండో అంతస్తు.
ఇన్సూరెన్సు జయశీలన్ అడిగిన మొదటి ప్రశ్న:
"వండి ఓడుమా, మేడమ్?"

అరవై ఎనిమిదేళ్ళుగా రాయపురంలోనే ఉన్నాను.
అయినా ఆ మాట వినపడితే
నాలో తెలుగే ఓ క్షణం ముందు లేస్తుంది.
ఓడిపోతుందా అని అడిగినట్టుంటుంది.
"ఓడదు" అన్నాను, కాస్త గట్టిగానే.
అతను ఫారంలో 'నడవదు' అని రాసుకున్నాడు.
కొట్టేయించడానికి రెండు టీలు పట్టాయి.

బండి మా శేషారత్నం పెద్దమ్మది.
మోరిస్ మైనర్, యాభైనాలుగు మోడల్,
చింతచిగురు రంగు. నాకంటే రెండేళ్ళు పెద్ద.
కాసిమేడు నుంచి కొరుక్కుపేట దాకా
పురుళ్ళు పోయడానికి దీన్లోనే వెళ్ళేది.
దార్లోనే, వెనక సీట్లో పుట్టినవాళ్ళు ముగ్గురు.
ఒకాయన తన పెళ్ళి ఊరేగింపుకీ
పట్టుబట్టి ఇదే అడిగి తీసుకెళ్ళాడు.
ఇప్పుడిది కొలంబోలో దిగి
నువరెలియ కొండ ఎక్కాలి.
పాతకార్ల వాళ్ళు పిలిచారు. వస్తానన్నాను.

"మా పట్టికలో ఇంత వయసుకి గడే లేదు.
విలువ సున్నా అనను గానీ
సున్నా పక్కింట్లో ఉండే అంకె" అన్నాడు జయశీలన్.
అదే వారం, కార్నే ఇచ్చే ఆఫీసులో
(బండికి పాస్‌పోర్టు అది, ఆకుకో ముద్ర)
"ఎంత అరుదైన వాహనమండీ!
విలువకి రెండింతలు బ్యాంకు గ్యారంటీ కట్టండి."
మనకివ్వాల్సొస్తే తుక్కు,
మన దగ్గర పుచ్చుకోవాల్సొస్తే నిధి.

సర్వేయరు వచ్చిన రోజు
పుదుపేట కరీముల్లా బానెట్ ఎత్తి నిలబడ్డాడు,
ఆపరేషను గది బయట మేనమామలా.
ఛాసిస్ నంబరు మీద పల్చటి కాగితం పరిచి
సర్వేయరు పెన్సిల్‌తో రుద్దాడు.
పెద్దమ్మ డబ్బాలోని అణాబిళ్ళ మీద రుద్దితే
రాజుగారి తల తేలినట్టు
ఒక్కో అంకే పైకొచ్చింది.
"లోపాలేమైనా ఉన్నాయా?"
"కుడి చెయ్యి."
నాదనుకుని నా చేతి వంక చూశాడు.

ఈ బండికి మలుపుదీపాలు లేవు.
తలుపు పక్క స్తంభంలోంచి చిన్న చెయ్యి లేస్తుంది,
బళ్ళో జవాబు తెలిసిన పిల్లలా.
ఎడమది బుద్ధిమంతురాలు.
కుడిది లోపల్నుంచి గుద్దితే తప్ప లేవదు.
పెద్దమ్మ మోచేత్తో గుద్దీ గుద్దీ
అక్కడ రంగు పోయి చిన్న గుంట పడింది.
నా మోచేయి సరిగ్గా అందులోనే కూర్చుంటుంది.
'పాత సొట్ట, ప్రమాదం వల్ల కాదు'
అని రాసుకుని వెళ్ళిపోయాడు.

చివరికి కాగితాలు మూడయ్యాయి.
రేవు గేటు దాకా ఒక కంపెనీ.
ఓడ మీద సముద్రం కంపెనీ.
అవతలి రోడ్లకి థర్డ్ పార్టీ,
అది అక్కడే, దిగాక, వాళ్ళ రూపాయల్లో.
మూడూ రెండుసార్లు చదివి అడిగాను:
"క్రేను ఎత్తినప్పుడు
ఇటు గట్టూ కాదు, అటు ఓడా కాదు.
గాల్లో ఉన్నంతసేపూ ఎవరి పూచీ?"

జయశీలన్ కళ్ళజోడు తీశాడు.
పేజీలు వెనక్కి తిప్పాడు, ముందుకి తిప్పాడు.
పై ఆఫీసుకి ఫోన్ చేసి చాలాసేపు విన్నాడు.
"అదొక్క నిమిషమే మేడమ్."
పెద్దమ్మ ఉంటే నవ్వేది.
ఆవిడ చాకిరీ అంతా
అలాంటి ఒక్కో నిమిషం కోసమే.

గురువారం పొద్దున, హార్బర్లో,
నాలుగు చక్రాల కింద పట్టీలు వేసి లేపారు.
దాని కడుపు నేనెప్పుడూ చూడలేదు.
నూనె మరకలు, కరీముల్లా అతుకులు,
ఎక్కడిదో ఎండిన బురద.
జయశీలన్ సెలవు పెట్టి వచ్చాడు, ఎందుకో చెప్పలేదు.
ఎండకి ఫైలు నెత్తిన పెట్టుకుని
పైకి చూస్తూ నోట్లో ఏదో లెక్కపెడుతున్నాడు.

సగం దూరంలో బండి కొంచెం ఊగింది.
కుడి చెయ్యి బయటికొచ్చింది.
ఎవరూ గుద్దలేదు.
కుడివైపు ఏముందా అని చూశాను.
నీళ్ళు.