కమాను కింద పట్టని ఇల్లు

మూడో రోజూ వానే.
పిట్లోక్రీ దాటాక డుగల్డ్ దారి తప్పాడు,
తప్పలేదని వాదించాడు.
గొర్రెల మంద అడ్డొచ్చి వాదం అక్కడే ఆగింది.
వెనకాల కారవాన్‌లో, సొరుగులోని చెంచాలు
తమలో తాము గొణుక్కుంటూ వచ్చాయి.

ఇష్బెల్ పనిచేసే హాస్టలు బడి
కొండవాలున, నాలుగు వందల ఏళ్ల రాయి.
ముఖద్వారం దగ్గరికొచ్చాక గానీ తెలియలేదు,
ఆ కమాను గుర్రపుబండ్ల కొలతకు కట్టిందని.
మా ఇంటికి జానెడు తక్కువ.
కాపలా ముసలాయన టేపు తెచ్చి కొలిచాడు,
మా మొహాలు చూసి మళ్లీ కొలిచాడు,
"బిషప్‌గారి బస్సు కూడా పట్టలేదమ్మా" అన్నాడు, ఓదార్పుగా.
రగ్బీ మైదానం పక్కన, తడిసిన గడ్డిలో
చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి దిగాం.

గొడుగు లేకుండానే వచ్చింది.
జుట్టు తెల్లబడింది, నడక మాత్రం అదే,
ఎవరో ఎక్కడో ఏడుస్తున్నట్టు ఆ తొందర.

ముప్పై ఆరేళ్ల క్రితం, మల్లేగ్ రేవులో
ఒకే బల్ల దగ్గర చేపలు చీల్చి
పొగకు వేలాడదీసేవాళ్లం ఇద్దరం.
ఒక గది, ఒక పొయ్యి,
వంతులేసుకుని తొడుక్కునే ఒక కోటు.
పేపర్లో నాలుగు ముక్కలు చూసింది:
మేట్రన్ కావలెను. భోజనం, వసతి ఉచితం.
ఒక్క చలికాలం చేసి వచ్చేస్తానంది.
ఆ వారం కోటు వంతు తనది.

బడంతా తిప్పి చూపించింది.
మెట్లు నడుమ అరిగి గుంటలు పడ్డాయి,
పాతకాలపు సన్నికల్లులా.
బల్లల మీద చాకుతో చెక్కిన పేర్లు,
గోడల మీద యుద్ధాల్లో పోయిన పిల్లల పేర్లు,
ఓక్ పలక మీద హెడ్మాస్టర్ల పేర్లు, లాటిన్ తోకలతో.
"మరి నీదెక్కడ?" అన్నాను నవ్వులాటకి.
ఆలోచించింది, నిజంగానే.
టీ కప్పు తిరగేసి చూపించింది.
అడుగున, ఎర్రటి గోళ్లరంగుతో, ఐ.

బట్టల గదిలో వెచ్చగా ఉంది.
అరవై జతల మేజోళ్లు, ఒక్కోదానికీ పేరు పట్టీ కుట్టాలి.
కిటికీ కింద దుప్పటి చుట్టుకుని
షెట్లాండ్ దీవుల పిల్లాడొకడు, మాగ్నస్,
ఒళ్లు కాస్త వెచ్చబడిందట, లేదా బెంగట.
రెండిటికీ మందొకటే, పక్కన కూర్చోవడం, అంది.
"మీ బండిలో కుళాయి తిప్పితే
నీళ్లు నిజంగా వస్తాయా?" అడిగాడు వాడు.
వస్తాయన్నాను.
"అయితే పోతాయెక్కడికి?"
డుగల్డ్ దగ్గర దానికి చాలా పెద్ద జవాబుంది.

సాయంత్రం కారవాన్‌లోకి ఎక్కి
తలుపు పక్కనే కూర్చుంది, పిలిస్తే లేవడానికి వీలుగా.
మాట్లాడుతూనే మా పరుపు దుప్పటి లాగి
మూలలు మడిచి సర్దేసింది,
చేతులు తమంతట తామే చేశాయి.
జూన్‌లో రిటైరవుతోందట.
గది ఖాళీ చేయాలట, ఆగస్టులోపు.
"తర్వాత?"
"చూడాలి."
గోడ నుంచి గోడకి బార చాపి కొలిచింది,
పొయ్యి, మంచం, కిటికీ,
అన్నీ చేతికందడం చూసి నవ్వింది,
ఆ నవ్వు చప్పున ఆపేసింది.
మాతో రమ్మని అనాలి నేను.
తొమ్మిదయింది. గంట కొట్టారు.
వాక్యం సగంలో ఉండగానే లేచి వెళ్లిపోయింది,
తన వాక్యమే.

తెల్లారి చూస్తే తలుపు కొక్కేనికి కోటు.
అదే. మోచేతులకు కొత్త తోలు అతుకులు.
మెడ లోపలివైపు, పిల్లల మేజోళ్లకు కుట్టే
తెల్ల పట్టీ మీద ఎర్ర దారంతో
ఇష్బెల్, యూనా.
నా పేరు దారం ఇంకా వెలవలేదు.

"అది నీకిప్పుడు పట్టదు" అన్నాడు డుగల్డ్.
పట్టలేదు.
గుండీలు పెట్టకుండానే కూర్చున్నాను,
ఇన్వర్‌నెస్ దాకా,
ఇది నా వంతు అనుకుంటూ,
ఎన్నాళ్ల వంతో అడగనందుకు
అద్దంలో వెనక్కి చూసుకుంటూ.