వెనక సీటు

ఇనుమంతా పీక్కుపోయారు.
పట్టాలు, బోల్టులు, సిగ్నలు చేతులు,
స్టేషను గంటతో సహా.
మిగిలింది వాలు ఒక్కటే.
బొగ్గు రైలు ఆయాసపడకుండా ఎక్కేంత వాలు,
ముసలి మోకాలు కూడా ఎక్కేంత.

జోడు సైకిలు మాది. హ్యాండిలు నాది.
వెనక సీట్లో సెఫెరీనో మావయ్య,
ఎనభై ఒకటి నిండాయి, చూపు పోయి పదకొండేళ్ళు.
సుత్తి భుజాన వేసుకుని
ఈ దారంతా నడిచిన గ్యాంగుమన్.
"నువ్వు తిప్పు, నేను తొక్కుతా" అన్నాడు పొద్దున.
తొక్కుతున్నాడో, పెడళ్ళ మీద కాళ్ళు పెట్టి
ఊరేగుతున్నాడో గొలుసుకే తెలియాలి.
మొదటి ఎక్కుడులో నాకూ తెలిసిపోయింది.

ఫిబ్రవరి. హాయెన్ కొండలు.
ఒకే మాట వెయ్యిసార్లు రాయమని
పంతులు శిక్ష వేసినట్టు
కొండ తర్వాత కొండ మీద
ఆలివ్, ఆలివ్, ఆలివ్.
ఎక్కడో ఒక బాదం చెట్టు
మధ్యలో తప్పు రాసి తెల్లగా నవ్వుతోంది.

కారు లేదు. హారను లేదు. వెనకనుంచి తరిమేవాళ్ళు లేరు.
కొండ నెత్తిన మూర్ల బురుజు.
ఎవరు ఎవరికి భయపడి కట్టారో,
ఇప్పుడు రెండు పక్షాలూ కాకులే.

"ఎడం పక్కన తెల్ల ఇల్లు వస్తుంది చూడు.
గేటు కాసే రెమెడియోస్‌ది.
కుందేలు కూర పొయ్యి మీద పెట్టిందంటే
డ్రైవరుకి బ్రేకు గుర్తొచ్చేది."
చూశాను.
కప్పు లేదు. గోడలు నడుం దాకా.
వంటింట్లోంచి లేచిన అత్తి చెట్టు, ఆకు లేకుండా.
"ఉంది మావయ్యా" అన్నాను.
"తలుపు ఏం రంగు?"
"నీలం."
"ఆకుపచ్చ" అన్నాడు.
ఆ తర్వాత రెండు కిలోమీటర్లు
గులకరాళ్ళు తప్ప ఎవరూ మాట్లాడలేదు.

ఇనప వంతెన మీద ఆపమన్నాడు.
జేబులోంచి పాత పెసేటా తీసి
కమ్మీ మీద కొట్టి, చెవి ఆనించాడు.
పిల్లాడి ఛాతీ చూసే డాక్టరులాగా.
"బాగానే ఉంది" అన్నాడు.
నాతో కాదు.

సొరంగం లోపల దీపాలు వెలగలేదు.
నాలుగు గజాలు వెళ్ళేసరికి
నా చేతులే నాకు కనపడలేదు. దిగబోయాను.
"దిగకు. గోడ కుడికి రెండు మూరలు.
మధ్యలో నీళ్ళు కారతాయి, చన్నీళ్ళే, చావవు. తొక్కు."
తొక్కాను. అతను చెప్పిన చోటే చుక్కలు పడ్డాయి మెడ మీద.
"ఇక్కడ ఆపు."
గోడలో మనిషంత గూడు.
రైలొస్తే వీపు రాతికి కరిపించి నిలబడే చోటు.
చేత్తో తడుముకుంటూ దూరాడు. ఇప్పటికీ సరిపోయాడు.
నన్నూ లాక్కున్నాడు.
పొగాకు వాసన, తడి సున్నం వాసన,
పక్కటెముకల్లో అతని గుండె ఆగి ఆగి.

దూరంగా వెలుతురు చుక్క.
రెండయింది. నాలుగయింది.
చలికోట్లు వేసుకున్న డచ్చి యాత్రికులు
గంటలు కొట్టుకుంటూ, ఓలా ఓలా అంటూ
మా ముందునుంచి జరజరా వెళ్ళిపోయారు.
మావయ్య టోపీ తీసి చేత్తో పట్టుకుని
చివరి చక్రం చప్పుడు పోయేదాకా నిలబడి,
"ఆలస్యం" అన్నాడు. "బాగా ఆలస్యం."

బయటి ఎండ నా కళ్ళకే గుచ్చుకుంది.
"ఇప్పుడు చెప్పు. తలుపు ఏం రంగు?"
"తలుపు లేదు మావయ్యా."
"గేటు?"
"లేదు."
"ఏదీ లేదా?"
"అత్తి చెట్టుంది. ఇల్లంత చెట్టు. వంటింట్లో."
కాసేపు లెక్కలు కట్టాడు.
"ఆవిడ గిన్నెనిండా పళ్ళు పెట్టేది.
కిటికీలోంచి లోపలికే ఉమ్మేవాణ్ణి,
తిట్టించుకోవాలని."

గొలుసు ఒక్కసారి బిగుసుకుంది.
అది ఎక్కుడు కూడా కాదు.