రెండు పేర్ల జొన్న

బర్కాల నా పని గింజలు లెక్కపెట్టుడు.
యాభై గింజలు, తడిపిన కాగితం, మూత పెట్టిన గిన్నె.
నాలుగు రోజులకు ఎన్ని తెల్లముక్కు పెట్టినయో రాసుడు.
బయట నలభై ఆరు డిగ్రీలు.
లోపలి గదిల, సున్నాకు పద్దెనిమిది మెట్లు కింద,
ఎన్నో దేశాల పంటలు వెండిరంగు సంచులల్ల పంటయి
మా క్యాంపుల మంచాల లెక్క, ఒకదాని మీదొకటి.

సముద్రం నేల కిందికెళ్లి నడిచొచ్చి
ఇక్కడి బావులను ఉప్పుజేసింది.
మస్‌ఊద్ తోటల నిమ్మచెట్లు నిలబడే సచ్చినయి.
ఆ బావినీళ్లే తాపి నలభై రకాల జొన్న ఏసినం.
ముప్పైమూడు మాడినయి.
మిగిలినయాట్ల ఒకటి, మోకాళ్లెత్తు సుత లేదు,
కంకి సూస్తే ముడుచుకున్న పిడికిలి,
గని ఆకు కొసదాక పచ్చగుంది.

నంబరు 7114. సేకరించిన ఏడు 1979.
ఊరి పేరు ఇంగ్లీషుల తప్పు రాసిండ్రు.
రెండుసార్లు నోట్లె అనుకుంటే తెలిసింది,
మాకు రెండు వాగుల అవతలిది.
స్థానిక నామం: ఖాళీ.
ఇచ్చినోళ్ల పేరుకు గడే లేదు.

ఆ ఊరి సౌడు నాకెరుక.
పెండ్లికి పోతే బుగ్గల బెల్లంముక్క పెట్టుకొని
నీళ్లు మింగేటోళ్లం.
అక్కడ ఎవలో ఒకామె
ఏటేటా కోతకు ముందే చేనంతా తిరిగి
చావనిదాన్ని ఏరింది,
బూడిద కలిపి, ఆనిగెపు బుర్రల పోసి,
పేడతోని మూతి మూసి దూలానికి కట్టింది.
మర్సటేడు మళ్ల ఏరింది.

డాక్టర్ జువైనా పెన్ను తీసి హిందీల అడిగింది,
"దీన్ని మీరేమంటరు?"
మేము సౌడుజొన్న అంటం.
వాగవతలోళ్లు అల్లుడొద్దన్న జొన్న అంటరు,
రొట్టె రాయి లెక్కుంటది, సుట్టాలకు పెట్టరు.
ఆమె నవ్వి, కండ్లద్దాలు తీసి తుడుసుకొని,
"ఏది కరెక్టు?"

రెండు రాయుండ్రి మేడం.

గడి చిన్నగుంది.
కుడి నుంచి ఆమె అరబ్బీల ఒకటి రాసింది,
ఎడమ నుంచి నేను తెలుగుల ఇంకోటి,
నడుమ జాగ సాలక నా ఆఖరి సున్నా
ఆమె చుక్క మీద పడ్డది.

ఇయ్యాల లెక్క: యాభైల నలభై ఒకటి.
తొమ్మిది లేవలె.
ఒక్క సంచివే అయినా, ఒక్క తీరు గింజలు కావవి;
ఆ తొమ్మిదిట్ల ఒకదాంట్ల
ఏ కరువుకు జవాబున్నదో, ఏ పురుగుకు మందున్నదో.
రూలు ప్రకారం ఈ రోజే పారెయ్యాలె.

కాగితం మళ్ల తడిపిన.