పురి

షువైఖ్‌ల ఉల్లిగడ్డల గోదాము.
పదకొండో కెమెరా వెనక గేటు మీద.
దాని బొమ్మల నల్లటి పట్టీలు
కింది నుంచి పైకి ఆగకుండ ఎక్కుతున్నయి,
ఎవరో మిద్దె మీదికి తడి చీర గుంజుతున్నట్టు.
రెండేండ్ల సంది అంతేనట.
"ఇయ్యాల అయిపోవాలె" అన్నడు ముదీర్,
టీ గ్లాసు మీద సాసరు బోర్లిచ్చి.

కేబుల్ల ఏముంది, ఎనిమిది తీగలు, నాలుగు జతలు.
నీలానికి నీలంచార తెలుపు తోడు,
నారింజకు నారింజచార.
ఒకదాన్నొకటి పేనుకొని పోతయి
మూడువందల ఎనభై మీటర్లు.
వేలంత లావు వైరు మోసే బొమ్మను
ఈ దారప్పోగులు మోస్తయంటే
మొదట్ల నేనే నమ్మలే.

కిటుకు పురిల ఉన్నది.
ఒక తీగల బొమ్మ నిలువుగ పోతే
రెండో దాంట్ల తలకిందులుగ పోతది.
దారిల కోల్డ్ రూం కంప్రెసరు, లిఫ్టు మోటరు,
గుడ్డి ట్యూబులైటు,
ఏ రొద తాకినా ఇద్దరికీ ఒక్క తీరుగ తాకుతది.
ఆఖర్న అగ్గిపెట్టెంత బాలన్ కూసొని
ఒకదాంట్లకెంచి ఇంకోదాన్ని తీసేస్తది.
సమానంగ తిన్న దెబ్బ సున్నా అయితది.
మిగిలేది బొమ్మ.

మా నాయిన సిరిసిల్లల సాంచాల మీద చేసేటోడు.
పురి తక్కువైతే పోగు తెగుతది,
ఎక్కువైతే మెలికపడతది అనేటోడు.
బొమ్మ సంగతి ఆయనకు తెల్వది.

మీటరు పెట్టిన. కూత పెట్టింది.
ఈ కొస నుంచి ఆ కొసకు ఎక్కడా తెగలే.
అయినా పట్టీలు.
నిచ్చెన భుజానేసుకొని, రేకుల కింద
ఉల్లి ఘాటుల, చెమటల
డబ్బా డబ్బా విప్పుకుంట పోయిన.

ఆరో డబ్బాల దొరికింది.
నీలం పోయి
నారింజచార తెలుపుతోని నడుస్తున్నది.
లెక్కకు జతే. మీటరుకూ జతే.
పేనుకున్నది మాత్రం వేరేదాంతోని.
ఒకరికి తాకిన రొద ఇంకొకరికి తాకదు,
తీసివేత ఎట్ల కుదురుతది?

"ఏ గుడ్డోడు కలిపిండు దీన్ని"
అని పెద్దగనే తిట్టిన.
అప్పుడు చూసిన టేపును.
ఎడమకు చుట్టి, కొస మడిచి, లోపలికి దోపి ఉన్నది.
అట్ల ఎడమకు తిప్పేటోడు
ఈ కంపెనీల ఒక్కడే.
ఆనాడు ఒక్క పూటల ఎనిమిది కెమెరాలు.
ఇంకేం యాదికి లేదు.

గోరంత కన్న ఎక్కువ పురి విప్పకుండ
నీలాన్ని నీలం దగ్గరికి చేర్చిన.
ఫోను చేస్తే గేటు కాడికి మొఫిజుల్ వచ్చి
తలెత్తి నిలబడ్డడు.
"కనబడుతున్ననా?"

కనబడ్డడు.
రెండేండ్లు మసకమసకగ కదిలిన మనిషికి
ఎడమ కనుబొమ్మ మధ్యల తెగి ఉన్నది,
అంగీకి మూడో గుండీ లేదు.
వెనక గోడవారకు తెల్ల ప్లాస్టిక్ కుర్చీ,
దాని మీద మడతపెట్టిన గోనెసంచి.

"అయితే ఇగ రాత్రి మూడింటికి..."
అని ఆగిండు.
నాకు వెంటనే సమజు కాలే.
పన్నెండు గంటల డ్యూటీల ఇరవై నిమిషాలు
ఆ పట్టీల చాటుకు కన్నంటుకునేదట.
నేను తప్పు కలిపిన జాయింటు
ఆయనకు దుప్పటి.

మళ్ల నిచ్చెనెక్కిన.
కెమెరా మెడకాడి మర సడలించి
కుడికి తిప్పిన, పిసరంత.
తాళం కనబడతది. లారీ నంబరు కనబడతది.
కుర్చీ కాళ్లు నాలుగిట్ల
మూడు బయటికి పోయినయి.

కాగితం మీద రాసిచ్చిన:
పదకొండో కెమెరా, జత సరిచేసినం, బొమ్మ సాఫు.
ముదీర్ తెర మీదికి వంగిండు.
గేటు చూసిండు, తాళం చూసిండు,
అడుగు మూలకు వేలు పెట్టిండు.
"అదేంది, తెల్లగ?"

"కొద్దిగ రొద సార్," అన్న.
"అది పోదు."