నాలుగో గడి

జిల్లా ఆఫీసు నుంచి కాగితం వచ్చింది.
మూడే గళ్ళు:
ఎందరొచ్చారు, ఎన్ని రాత్రులున్నారు,
నిరుటి మీద ఎక్కువా, తక్కువా.
పెన్సిలు చెక్కుకుని బయల్దేరాను.
ఏప్రిల్ నెల. స్వానేతి లోయంతా
చీలమండల దాకా బురద.

ఎతేరి అత్త ఇంట్లో ఆరు మంచాలు.
"డిసెంబరు సున్నా. రాసుకో.
సున్నాకి కూడా గదులు వెచ్చబెట్టాను,
పొద్దుపోయి ఎవరైనా తలుపు తడతారేమోనని.
ఎన్ని కట్టెలు కాలాయో
ఆ గడి లేదా నీ కాగితంలో?"
లేదన్నాను.
వేడి వేడి కుబ్దారి తుంచి చేతిలో పెట్టింది.
లోపల మాంసం తక్కువ, ఉల్లిపాయ ఎక్కువ.
ఈ ఏటి సంగతి అక్కడే సగం తెలిసిపోయింది.

లిఫ్టు దగ్గర ఒతియా.
ఖాళీ కుర్చీలు కొండెక్కి
ఖాళీగానే దిగివచ్చాయట జనవరంతా.
ఆపితే కేబుల్ బిగుసుకుంటుంది, తిప్పాలి;
మీటరుకేం తెలుసు, ఎవరు కూర్చున్నారో.
"మనుషులు రాలేదుగానీ ఆవులొచ్చాయి, పద్నాలుగు.
స్కీ వాలు మీద ఎండుగడ్డి మేసి
టిక్కెట్టు అడిగేలోపే పోయాయి.
రాసుకుంటావా?"
వాడు నవ్వలేదు. నేనే నవ్వి, ఆపేశాను.

బేసో కొట్లో ఇరవై జతల కొత్త స్కీలు,
అప్పు చేసి తెచ్చినవి.
చుట్టిన ప్లాస్టిక్ చుట్టినట్టే ఉంది.
వాయిదా మాత్రం ప్రతి నెలా ఐదో తారీకుకల్లా
వాడి జేబు విప్పుకుని పోతోంది.
వాళ్ళమ్మ త్సిరా రోజూ ఉష్బా శిఖరంకేసి చూసి
నడుం మీద చేతులు పెట్టుకుని తిట్టేదట,
బాకీ ఎగ్గొట్టిన మరిదిని తిట్టినట్టు.

ఫిబ్రవరిలో, పోయిన పెద్దల దివిటీల రాత్రి,
భూర్జ కొమ్మలు చీల్చి వెలిగించి
చర్చి దాకా నడిచాం, పొడి నేల మీద.
ఎన్నడూ లేనిది, బూట్ల కింద దుమ్ము లేచింది.
ఫోటోల కోసం ఒక మినీబస్సు
సాయంత్రమొచ్చి, రాత్రికే వెళ్ళిపోయింది.
రెండో గడిలో అదీ సున్నాయే.

అందరి బుకింగులూ రద్దయ్యాక
మార్చి తొమ్మిదిన మొదలైంది.
నాలుగు రోజులు. తెరిపి లేకుండా.
కిటికీలు పోయాయి, కంచెలు పోయాయి,
వంతెన దగ్గర మంచు పెళ్ళ విరిగిపడి
రోడ్డూ పోయింది.
ఊళ్ళో అప్పుడున్నది పదకొండుమంది లిథువేనియా వాళ్ళు.
ఒక్క రాత్రికని వచ్చి
ఎతేరి అత్త ఇంట్లో తొమ్మిది రాత్రులు ఇరుక్కున్నారు,
మంచానికిద్దరు.
విత్తనానికి దాచిన బంగాళాదుంపలు కూడా తినేశారు.
పోతూ పోతూ జేబుల్లో ఉన్నదంతా బల్ల మీద పెడితే
అత్త ఒక్క రాత్రి డబ్బే లెక్కపెట్టి తీసుకుంది.
"మిగతావి మంచు పెట్టిన రాత్రులు," అంది,
"నేను అమ్మినవి కావు."

బేసో ప్లాస్టిక్ చింపింది అప్పుడే,
పై ఊళ్ళో గురమ్ తాతకి ఇన్సులిన్ మోయడానికి.
ఒక జత వెళ్ళొచ్చింది. అడుగున గీతలు పడ్డాయి.
అద్దె ఎవరి పేర రాయాలి?

రాత్రి దీపం ముందు కూర్చుని కూడాను.
నిరుడు నూట నలభై రాత్రులు.
ఈ ఏడు, వాళ్ళంతట వాళ్ళు ఉన్నవి యాభై మూడు,
ఆ తొంభై తొమ్మిదీ వేస్తే నూట యాభై రెండు.
మళ్ళీ కూడాను. అంతే.
పెరుగుదల ఎనిమిది శాతం చిల్లర.
జిల్లా ఆఫీసరు ఫోన్లో మెచ్చుకున్నాడు,
ఈసారి మీ లోయ ఒక్కటే నిలబెట్టింది అని.

ఫోన్ పెట్టేసి, స్కేలు వెతికి,
కాగితం అంచున వేలెడు జాగాలో
ఇంకో గీత గీశాను.
ఎతేరి: మూడు బండ్ల కట్టెలు, సగం పచ్చివి.
ఒతియా: ఆవులు, పద్నాలుగు.
త్సిరా తిట్లకి
చోటు చాల్లేదు.